నాన్నా, నీ ఓటెక్కడ?

ఇంటి నుంచి వచ్చే ఫోన్లలో మనం వినే మాటలు ఏళ్ళ తరబడి అవే. డబ్బులు అందినాయి, ఒంట్లో ఎట్లా ఉంది, ఛుట్టీ ఎప్పుడు దొరుకుతుంది. ఎలక్షన్లు వచ్చినప్పుడు మాత్రం ఇంకో మాట కలుస్తుంది. అది పెద్దవాళ్ళ నోట రాదు. మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్లవాడు వాళ్ళమ్మ చేతిలోంచి ఫోను లాక్కుని అడుగుతాడు: "అమ్మ వేలికి ఇంకు పెట్టిన్రు. నీకు పెట్టలేదా? నీ ఓటెక్కడ?"

కరీంనగర్, జగిత్యాల వైపు పిల్లలు బాపూ అంటారు. కడప, రాయచోటి వైపు నాయనా అంటారు. కొన్ని ఇళ్ళలో అబ్బా అంటారు. పిలుపు వేరైనా ప్రశ్న ఒక్కటే. మన క్యాంపుల్లో దానికి చెప్పే జవాబు కూడా దాదాపు ఒక్కటే. "నీకెందుకురా ఇవన్నీ, బుద్ధిగా చదువుకో." పక్క మంచం మీదివాళ్ళు నవ్వుతారు. పిల్లవాడు ఫోను వాళ్ళమ్మకిచ్చి ఆటకు పోతాడు.

చిక్కేమిటంటే, మనం చెప్పకపోయినంత మాత్రాన వాడికి చెప్పేవాళ్ళు లేకుండా పోరు. మైకు కట్టుకుని తిరిగే ఆటో చెబుతుంది. చౌరస్తాలో పంచే జెండా చెబుతుంది. పోలింగుకు ముందు రాత్రి ఇంటికొచ్చే కవరు చెబుతుంది. తండ్రి ఊళ్ళోనే ఉంటే పిల్లవాడు వీటిని చూసిన వెంటనే అడుగుతాడు, తండ్రి ఏదో ఒకటి చెబుతాడు. మన ఇళ్ళలో అడగడానికి ఆ మనిషి రెండేళ్ళకొకసారి గానీ దొరకడు. కాబట్టి ఫోనులో దొరికే పది నిమిషాల్లోనే కొంత చెప్పుకోవాలి. ఏం చెప్పాలి, ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలకు ఎలా చెప్పాలి అన్నదే ఈ వారం మన ముచ్చట.

సంతకం కోసం వచ్చే కాగితం

మన దేశంలో ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. 2011 నుంచి ఆ తేదీని జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు బడుల్లో ప్రతిజ్ఞ చేయిస్తారు, ముగ్గుల పోటీలు పెడతారు, పిల్లలను వరుసగా నిలబెట్టి ఊరేగింపు తీస్తారు. ఎన్నికలు దగ్గరపడితే చాలాచోట్ల పిల్లల చేతికి సంకల్ప పత్రం అనే కాగితం ఇచ్చి ఇంటికి పంపుతారు. మేము తప్పకుండా ఓటు వేస్తాం అని తల్లిదండ్రులు దాని మీద సంతకం పెట్టి ఇవ్వాలి.

ఆలోచన మంచిదే. కానీ మన పిల్లలు తెచ్చిన కాగితంలో తండ్రి చోటు ఖాళీగా ఉంటుంది. లేదంటే రేపు టీచరు అడుగుతారని తల్లే ఆ సంతకం కూడా గీకేస్తుంది. పిల్లవాడు పక్కన కూర్చుని చూస్తూనే ఉంటాడు. ఓటు గురించి ఇంట్లో దొరికిన మొదటి పాఠం దొంగ సంతకం అయితే, తర్వాత మనం ఎన్ని చెప్పినా ఏం లాభం?

ఇక్కడ నిజం చెప్పడమే సులువు. పైగా ఆ నిజంలో వాడికి సరిపడే లెక్క కూడా ఉంది. నాన్నకు ఓటు హక్కు ఉంది. పరదేశంలో ఉన్న భారతీయులు కూడా ఓటరుగా పేరు రాయించుకోవచ్చని 2010లో చట్టం సవరించారు. అది 2011 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఫారం 6ఏ అనే దరఖాస్తు నింపి పంపితే మన ఊరి జాబితాలోనే పేరు ఎక్కుతుంది. కానీ ఓటు వేయడానికి మాత్రం మనిషి మన ఊరి పోలింగు కేంద్రానికే రావాలి. చేతిలో అసలు పాస్‌పోర్టు ఉండాలి.

ఇప్పుడు లెక్క వాడినే వేయమనండి. రానూ పోనూ టికెట్టు ఎంత? ఎగ్జిట్ రీ ఎంట్రీకి ఎంత? పని లేని రోజులకు పోయే జీతం ఎంత? నాలుగో తరగతి పిల్లవాడికి కూడికలు బాగానే వచ్చు. కూడిన తర్వాత వాడే అంటాడు, "గన్ని పైసలా!" అని. నాన్న ఓటంటే లెక్కలేక మానేయలేదని, ఆ ఓటు దగ్గరికి దారి చాలా దూరమైందని వాడికి అర్థమవుతుంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదని కూడా చెప్పవచ్చు. ఒక్క సౌదీలోనే భారతీయులు పాతిక లక్షల దాకా ఉన్నారు. అయినా 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రపంచంలోని అన్ని దేశాల నుంచీ కలిపి ప్రవాస ఓటర్లుగా నమోదైనవాళ్ళు 1 లక్షా 19 వేల చిల్లర. పోలింగు రోజు వచ్చి ఓటేసినవాళ్ళు 3 వేల మంది కూడా లేరు. వాళ్ళలో అత్యధికులు మళ్ళీ కేరళవాళ్ళే. సరిహద్దులో ఉన్న సైనికుడికి ఎలక్ట్రానిక్ పద్ధతిలో బ్యాలెట్ అందుతుంది. మనకు ఆ ఏర్పాటు రాలేదు. మన బదులు ఇంట్లోవాళ్ళు ఓటేసేందుకు వీలు కల్పించే బిల్లును లోక్‌సభ 2018 ఆగస్టులో ఆమోదించింది గానీ, అది చట్టం కాకముందే 2019లో సభ గడువు తీరి మురిగిపోయింది. ఇంత సంగతి పిల్లవాడికి అక్కర్లేదు. మనకు తెలిసి ఉంటే మాత్రం, వాడు "ఎందుకు?" అన్నప్పుడు తడబడం.

వాడి బడే పోలింగు బూతు

పిల్లలకు రాజ్యాంగం, పార్లమెంటు, కేంద్రం, రాష్ట్రం అంటూ మొదలుపెడితే మూడో మాటకే ఫోను చేయి మారుతుంది. వాడు చూసిన చోటు నుంచి మొదలుపెట్టాలి. మన ఊళ్ళలో పోలింగు బూతు ఎక్కడ పెడతారు? వాడు రోజూ కూర్చునే తరగతి గదిలోనే. ఆ రోజు బెంచీలు గోడకు నెడతారు. వాళ్ళ టీచరు ఇంకో ఊళ్ళో డ్యూటీకి పోతుంది. ఇంకో ఊరి సారు ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. ఎందుకలా అని అడగండి. తెలిసినవాళ్ళయితే మొహమాటపడతారని, అనుమానాలొస్తాయని వాడే చెప్పగలడు. చెప్పలేకపోతే మనం చెప్పవచ్చు.

వేలి మీది ఇంకు పిల్లలకు మహా ఇష్టం. అది 1962 ఎన్నికల నుంచి వాడుకలో ఉంది. కర్ణాటకలోని మైసూరులో ప్రభుత్వ రంగులు, వార్నిష్ కంపెనీలో తయారవుతుంది. సబ్బుతో రుద్దినా పోదు. మరి ఎందుకు పెడతారు? ఒకరు రెండుసార్లు వేయకుండా. ఊళ్ళో వంద ఎకరాలున్న ఆసామికైనా, ఆయన పొలంలో కూలికి పోయే అవ్వకైనా అదే ఒక్క చుక్క. ఈ మాట మాత్రం పిల్లవాడికి నిదానంగా చెప్పండి. మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు.

గుర్తుల కథ కూడా చెప్పవచ్చు. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. చదువు రానివాళ్ళు బొమ్మ చూసి ఓటేశారు. చదువు వచ్చాకే ఓటిద్దాం అని ఆగలేదు. ఇప్పుడు పెట్టెలు పోయి లోక్‌సభకు, అసెంబ్లీకి మిషన్లు వచ్చాయి. వాటిని తయారుచేసే రెండు కంపెనీల్లో ఒకటి మన హైదరాబాదులోని ఈసీఐఎల్. మీట నొక్కగానే పక్క పెట్టె అద్దంలో మన గుర్తున్న చీటీ 7 సెకన్లు కనిపించి లోపల పడుతుంది. తెలంగాణలో పంచాయతీ ఎన్నికలకు మాత్రం కాగితం బ్యాలెటే. 2025 డిసెంబరులో అక్కడ మూడు విడతల్లో సర్పంచ్ ఎన్నికలు జరిగినప్పుడు ఇళ్ళలో పిల్లలు ఉంగరం, కత్తెర అంటూ గుర్తులు వల్లించే ఉంటారు. ఆ ఎన్నికలకు పార్టీల గుర్తులుండవు. నాయకులు మాత్రం పార్టీల లెక్కే వేసుకుంటారు, అది వేరే కథ.

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకే. దీని గురించి మీకు కూతురుంటే తప్పకుండా మాట్లాడండి. మీ ఊరి సర్పంచ్ ఆడమనిషి అయితే, పంచాయతీ ఆఫీసులో కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో చూసి రమ్మనండి. ఆమె కూర్చుంటోందా, ఆమె భర్త కూర్చుంటున్నాడా? పిల్లలు నిజమే చెబుతారు. "పేరు ఆమెది, కుర్చీ ఆయనది ఎట్లా అయితది?" అని పిల్ల అడిగితే, అలా అడగకూడదని మాత్రం నోరు మూయించకండి.

185 పేర్లున్న ఎన్నిక

రాజకీయం అంటే ఏమిటని పిల్లవాడు అడిగితే చెప్పడానికి నిజామాబాదు కంటే మంచి కథ నాకు తెలియదు. మన క్యాంపుల్లో ఆ జిల్లావాళ్ళు లేని క్యాంపు ఉండదు గనుక చాలామందికి ఇది సొంత ఊరి కథే.

2019 ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు నుంచి 185 మంది పోటీలో నిలబడ్డారు. వాళ్ళలో 178 మంది రైతులే. ఎవరూ గెలుస్తామని నిలబడలేదు. పసుపుకు క్వింటాలుకు 15 వేల రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు పెట్టాలి అన్నది వాళ్ళ అడుగు. ధర్నాలు చేశారు, రోడ్ల మీద కూర్చున్నారు. వినేవాళ్ళు లేకపోతే నామినేషన్లు వేశారు. పార్లమెంటుకు డిపాజిట్టు 25 వేలు, దళిత గిరిజనులకు అందులో సగం. ఓట్లు చాలా తక్కువ వస్తే అది తిరిగి రాదు. అది తెలిసే కట్టారు.

ఒక్కో ఓటింగు మిషను మీద 16 పేర్లకే చోటు. 185 పేర్లు, ఆఖర్న ఎవరికీ వేయను అనే నోటా మీట. మొత్తం 186. ఎన్ని మిషన్లు కావాలి? ఇదొక మంచి లెక్క, పిల్లవాడితో చేయించండి. జవాబు 12. ప్రతి పోలింగు కేంద్రంలో 12 మిషన్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. దేశమంతా నిజామాబాదు వైపు చూసింది.

ఫలితం ఏమైంది? రైతులెవరూ గెలవలేదు. సిట్టింగు ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కూతురు కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. ఆ బోర్డు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 2023 అక్టోబరులో ప్రధాని ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాదులో మొదలైంది. రైతులు అడిగిన ధర సంగతి మాత్రం బోర్డుతో తీరలేదు. ఓడినవాళ్ళు అడిగింది సగం వచ్చింది, సగం రాలేదు. పిల్లలకు సినిమా కథలాగా హీరో గెలిచాడని ముగించకుండా, ఇలా ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్ళు తట్టుకోగలరు.

ఇంతకు ముందు నల్లగొండలో జరిగింది ఇంకా పెద్దది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 480 మంది పోటీ చేశారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు వల్ల ఆ జిల్లాలో పిల్లల కాళ్ళు వంకర్లు పోయాయి, పళ్ళు పచ్చబడ్డాయి, ముప్పై ఏళ్ళకే మనుషుల నడుములు వంగిపోయాయి. జలసాధన సమితి పిలుపుతో వందలాది మంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్టు పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా వేసి తర్వాత జరపాల్సి వచ్చింది. అప్పుడు డిపాజిట్టు 500 రూపాయలే. అదే ఏడాది దాన్ని ఒక్కసారిగా 10 వేలకు పెంచారు. జనం ఇలా గుంపుగా నిలబడకుండా చేయడానికే పెంచారని నా అభిప్రాయం. మీరు వేరేగా అనుకోవచ్చు. ఏమైనా నల్లగొండకు కృష్ణా నీళ్ళు అన్న మాటను ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ పక్కన పెట్టలేకపోయింది.

నీళ్ళ గురించి పిల్లవాడికి చెప్పడం ఏమంత కష్టం కాదు. వాళ్ళ బడిలో కుళాయి పనిచేస్తోందా? మరుగుదొడ్డికి తలుపుందా? మధ్యాహ్న భోజనంలో గుడ్డు వారానికి ఎన్నిసార్లు పెడుతున్నారు, ఎన్నిసార్లు పెట్టాలి? ఇవన్నీ ఎవరో ఒకరు గెలిచి, ఎక్కడో కూర్చుని నిర్ణయించినవే. వాడి నోట్లోకి వెళ్ళే గుడ్డు కూడా రాజకీయమే.

కవరు

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉండే సంగతి. 2021 అక్టోబరులో హుజూరాబాదు ఉప ఎన్నిక జరిగినప్పుడు ఇంటింటికీ డబ్బు కవర్లు పంచారని, మాకు అందలేదని కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు రోడ్డెక్కారని పత్రికలన్నీ రాశాయి. మరుసటి ఏడాది మునుగోడులోనూ అదే తంతు. పార్టీల పేర్లు ఇక్కడ ఎందుకులెండి. ఇచ్చినవాళ్ళు ఒక్కరే కాదు.

కవరు వచ్చినప్పుడు ఇంట్లో పిల్లలుంటారు. వాళ్ళు చూస్తారు. ఆ రాత్రి ఫోనులో "నాన్నా, అమ్మకు పైసలిచ్చిన్రు" అంటారు. అప్పుడు మనం భార్య మీద అరిస్తే పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే, ఇకమీదట నాన్నకు చెప్పకూడదని. అవసరాల్లో ఉన్న ఇల్లు. అప్పు మీద వీసా కొనుక్కుని వచ్చినవాళ్ళం మనం. ఆమెకు నీతులు చెప్పే అధికారం మనకు ఎంత ఉందో ఎవరికి వాళ్ళు చూసుకోవాలి. పిల్లవాడికి మాత్రం రెండు నిజాలు చెప్పవచ్చు. డబ్బు ఇవ్వడమూ, తీసుకోవడమూ చట్టప్రకారం నేరమే, ఇది ఒకటి. మిషను దగ్గర ఎవరూ చూడరు, కవరు ఇచ్చినవాడికి వేశామో లేదో ఎవరికీ తెలియదు, మన మనసుకు తోచినవాళ్ళకే వేయవచ్చు, ఇది రెండోది. కవరు ఇచ్చినవాడు వేళ్ళ మీద లెక్కబెట్టుకునేది, జనానికి ఈ రెండో నిజం తెలియదనే.

దీనికి కూడా పిల్లలకు సరిపడే లెక్క ఒకటుంది. కవరులో 2 వేలున్నాయనుకుందాం. గెలిచినాయన 5 ఏళ్ళు ఉంటాడు. 5 ఏళ్ళంటే 1,825 రోజులు. రోజుకు ఎంత పడింది? రూపాయి పది పైసలు. ఆ డబ్బుకు మీ ఊరి కొట్లో ఏమొస్తుందో వాడినే అడగండి.

జెండాల గురించి కూడా ఒక మాట. పిల్లలకు డబ్బిచ్చి, బిర్యానీ పొట్లమిచ్చి ప్రచారంలో తిప్పడం మన ఊళ్ళలో మామూలే. పిల్లలను ప్రచారానికి ఏ రకంగానూ వాడకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలకు గట్టిగా చెప్పింది. కరపత్రాలు పంచించకూడదు, నినాదాలు ఇప్పించకూడదు, బండ్ల మీద ఎక్కించకూడదు. మీ పిల్లవాడు వెళ్ళాడని తెలిస్తే కొట్టకండి. నీకంటే ముందు వాళ్ళు చేసిందే తప్పు అని చెప్పండి.

"మనోళ్ళకే వెయ్యాలంట" అని పిల్లలు అనడం కూడా వింటుంటాం. మనోళ్ళంటే కులం. దీనికి బడిలో పాఠం కంటే మన రూము మంచి పాఠం. ఫోను కెమెరా తిప్పి చూపించండి. ఈ మంచం మీది అన్న కామారెడ్డి, ఆ మంచం మీది తమ్ముడు రాజోలు, ఆ మూల ఉన్న చాచా ఆదోని. ఒకే మెస్సులో తింటాం. నాకు జ్వరమొచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చింది ఫలానా అన్న. అతని కులం ఏమిటో వాడు అడిగితే తెలియదని చెప్పండి, తెలిసినా సరే. ఇంకో సంగతి. ఎలక్షన్ల టైములో పార్టీల పేరు మీద మనం రూముల్లో పెట్టుకునే గొడవలు వీడియో కాల్‌లో పిల్లలకు వినిపిస్తూనే ఉంటాయి. కాస్త గొంతు తగ్గించుకుంటే మంచిది.

అక్కడ ఓట్లుంటాయా?

ఇది కూడా పిల్లలు అడిగే ప్రశ్నే. ఉన్నదున్నట్టు చెప్పవచ్చు. సౌదీలో రాజుగారి పాలన. రాజకీయ పార్టీలు లేవు. సలహా ఇచ్చే షూరా మండలిలో 150 మంది సభ్యులుంటారు, వాళ్ళను రాజుగారే నియమిస్తారు. ఊళ్ళ మునిసిపల్ కౌన్సిళ్ళకు మాత్రం 2005లోనూ, 2011లోనూ, 2015లోనూ ఎన్నికలు జరిగాయి. మొదటి రెండుసార్లు మగవాళ్ళే ఓటేశారు. 2015 డిసెంబరు 12న ఆడవాళ్ళు మొదటిసారి ఓటేశారు, పోటీ చేశారు, ఇరవై మంది దాకా గెలిచారు. మన దేశంలో మాత్రం మొదటి సాధారణ ఎన్నికల నుంచే ఆడామగా అందరికీ ఓటు ఉందని పిల్లకు చెబితే, అది గొప్పే కదా అంటుంది.

ఏ దేశంలో ఉంటే ఆ దేశం చట్టం పాటించాలి. ఇక్కడ సభలు, ఊరేగింపులు, ప్రదర్శనలు పెట్టకూడదు. మన ఊరి నాయకుడి ఫ్లెక్సీ క్యాంపు గేటుకు కట్టి నినాదాలివ్వాలని కుర్రాళ్ళకు సరదాగా ఉంటుంది గానీ, అది ఉద్యోగం మీదికి వస్తుంది. ఇంటికి ఫోను చేసి పిల్లవాడికి ఓటంటే ఏమిటో చెప్పుకోవడానికి మాత్రం ఎవరి అడ్డూ లేదు.

చింతగింజల ఓటు

మాటలతో కంటే ఆటతో తొందరగా వంటబడుతుంది. మీ ఇంటావిడకు చెప్పి ఒక ఆదివారం ఇది ఆడించండి. ఖర్చు లేదు. రెండు చెంబులు, గుప్పెడు చింతగింజలు. ఒక చెంబు కోడికూరకు, ఒకటి చేపల పులుసుకు. నాయనమ్మకు ఒక గింజ, అమ్మకు ఒక గింజ, పిల్లలకు తలా ఒకటి. తలుపు వెనక పెట్టి ఒక్కొక్కరే వెళ్ళి వేసి రావాలి, ఎవరూ చూడకూడదు. నాయనమ్మకు రెండు గింజలు కావాలంటే కుదరదు, ఎంత పెద్దావిడైనా సరే. లెక్కపెట్టేది అందరి ముందూ. ఓడినవాళ్ళు కంచం తోసేయకూడదు. గెలిచినవాళ్ళు వెక్కిరించకూడదు.

తర్వాతి ఆదివారం దీనికన్నా కష్టమైన ప్రశ్న పెట్టండి. చెల్లికి కూర పెట్టొద్దు అని ముగ్గురు ఓటేస్తే పెట్టకుండా ఉండవచ్చా? పిల్లలు మొదట నవ్వుతారు. తర్వాత ఆలోచిస్తారు. ఎంతమంది చేతులెత్తినా తీసేయడానికి వీల్లేనివి కొన్ని ఉంటాయని, వాటినే హక్కులంటారని, అవి రాజ్యాంగంలో రాసి ఉన్నాయని అప్పుడు చెబితే తలకెక్కుతుంది.

పిల్లలకు ఇంత అవసరమా అనే అన్నలకు రాజస్థాన్‌లోని తిలోనియా ఊరి సంగతి చెప్పాలి. అక్కడ బేర్‌ఫుట్ కాలేజీ అనే సంస్థ రాత్రి బడులు నడిపింది. పగలు మేకలు కాసే పిల్లలు రాత్రి లాంతరు వెలుగులో చదువుకునేవారు. 1990ల నుంచి ఆ పిల్లలు ఓట్లేసి తమ పార్లమెంటును ఎన్నుకున్నారు. ఆరేళ్ళ పిల్లకు కూడా ఓటుండేది. మేకలు కాసే ఆడపిల్లలు ప్రధానమంత్రులయ్యారు. టీచరు సమయానికి వస్తున్నాడా, లాంతరు వెలుగుతోందా, తాగడానికి నీళ్ళున్నాయా అని చూడటం ఆ పార్లమెంటు పని. ఏదైనా లేకపోతే పెద్దవాళ్ళను పిలిచి అడిగేవారు, పెద్దవాళ్ళు జవాబు చెప్పాల్సి వచ్చేది. 2001లో స్వీడన్‌లోని పిల్లల బహుమతి సంస్థ వాళ్ళను సత్కరించింది.

మన దగ్గరా అంతో ఇంతో జరుగుతోంది. 2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు అమరావతిలో బడిపిల్లలతో మాక్ అసెంబ్లీ నడిపించారు. కొన్ని సర్కారు బడుల్లో సెల్‌ఫోనునే ఓటింగు మిషనులా పెట్టి తరగతి లీడరును ఎన్నుకుంటున్నారు. ఎక్కువచోట్ల మాత్రం లీడరంటే ఫస్టు ర్యాంకు వచ్చినవాడు, లేదా సారుకు టీ తెచ్చేవాడు. మీ పిల్లల బడిలో లీడరును ఎలా ఎన్నుకున్నారో ఈసారి అడిగి చూడండి.

బడిలో పెద్దవాళ్ళకు కూడా ఒక ఓటుందని చాలామందికి తెలియదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు పెట్టారు. మీరు ఇక్కడుంటే ఆ మీటింగుకు పోవాల్సింది మీ ఇంటావిడే. "మగదిక్కు లేదు, మనకెందుకు" అనుకుని ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. వెళ్ళమని మీరు ఒక్క మాట అంటే వెళుతుంది. అమ్మ బడికొచ్చి లేచి మాట్లాడటం చూసిన పిల్లవాడికి మనం ఫోనులో చెప్పాల్సింది చాలా తగ్గుతుంది.

ఫోను ఎప్పుడు చేయాలన్నది కూడా చూసుకోవాలి. మనకూ ఇంటికీ రెండున్నర గంటల తేడా. డ్యూటీ దిగి, స్నానం చేసి, వంట ముగించుకుని ఎనిమిదింటికి ఫోను చేస్తే అక్కడ రాత్రి పదిన్నర. పిల్లలు నిద్రలో ఉంటారు. అందుకే చాలామందికి నెలల తరబడి తల్లితో తప్ప పిల్లలతో సరిగ్గా మాట్లాడటమే కుదరదు. శుక్రవారం సెలవున్నవాళ్ళు మధ్యాహ్నం రెండున్నరకు చేస్తే అక్కడ సాయంత్రం ఐదు. పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు, ఇంకా ఆటకు పోయి ఉండరు.

ఈసారి ఛుట్టీకి వెళ్ళేవాళ్ళు ఫారం 6ఏ సంగతి కూడా కనుక్కోండి. ఆన్‌లైనులో నింపవచ్చు, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్ళు పెట్టాలి. తహసీలుదారు ఆఫీసుకు పోవాల్సి వస్తే పిల్లవాడిని వెంట తీసుకుపొండి, ఫారంలో మీ పేరు వాడి చేతే రాయించండి.

మీ పిల్లలు ఎన్నికల గురించి అడిగిన ప్రశ్నలు, మీరు చెప్పిన జవాబులు, చెప్పలేక దాటవేసినవి కూడా మాకు రాసి పంపండి. ఊరి పేరు రాస్తే చాలు, మీ పేరు వద్దంటే వేయం. జవాబు తెలియని ప్రశ్నలుంటే తెలిసినవాళ్ళను అడిగి వచ్చే వారాల్లో ఇదే పేజీలో ఇస్తాం.